ఓపీజీ ఎక్స్‌రేలో మెడ ధమని కాల్షియం: పక్షవాతం ముప్పును దంతవైద్యుడు గుర్తించే విధానం

జ్ఞానదంతం తీయించుకోవడానికో, కట్టుడు పళ్లు పెట్టించుకోవడానికో, ఇంప్లాంట్ కోసమో వచ్చిన పెద్దవయసు రోగికి మనం ఓపీజీ తీయిస్తాం. రెండు దవడలనూ ఒకే చిత్రంలో చూపే ఆ ఎక్స్‌రే పళ్ల దగ్గరే ఆగిపోదు. దాని కింది రెండు మూలల్లో, దవడ కోణానికి వెనకవైపు, మెడలోని మెత్తని కణజాలం కూడా కొంత పడుతుంది. మెదడుకు రక్తం చేరవేసే కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోటు చాలామందిలో ఆ మూలలోకే వస్తుంది. ఆ చీలిక దగ్గర ధమని గోడలో కొవ్వు పూడిక ఏర్పడి, కాలక్రమంలో అందులో కాల్షియం చేరితే, అది ఓపీజీలో తెల్లని మచ్చలుగా కనిపించవచ్చు. ఫ్రీడ్‌లాండర్, లాండే అనే పరిశోధకులు అమెరికాలో ఈ సంగతిని 1981లోనే ప్రచురించారు. పెద్దవయసు దంతరోగుల ఓపీజీలపై వివిధ దేశాల్లో జరిగిన పరిశీలనల్లో సుమారు 3 నుంచి 5 శాతం మందిలో ఈ మచ్చలు కనిపించాయని సాధారణంగా చెబుతారు. షుగర్, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారిలో ఈ శాతం ఇంకా ఎక్కువ.

అయితే మొదటే కొన్ని హద్దులు గీసుకోవాలి. ఓపీజీలో కాల్షియం కనిపిస్తే ధమని గోడలో వ్యాధి ఉందని అనుమానించడానికి ఒక ఆధారం దొరికినట్టే గాని, ఆ ధమని ఎంత సన్నబడిందో ఆ చిత్రం చెప్పలేదు. కాల్షియం ధారాళంగా ఉన్నా రక్తప్రవాహానికి ఏ అడ్డూ లేనివారు ఉంటారు. మరోవైపు, కాల్షియం చేరని మెత్తని పూడిక ఓపీజీలో అసలు కనిపించదు. పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడులోకి కొట్టుకుపోయే ప్రమాదం అలాంటి మెత్తని పూడికతోనే ఎక్కువ. మెదడులో రక్తనాళం చిట్లి రక్తస్రావం కావడం వల్ల వచ్చే పక్షవాతం గురించి గాని, గుండె లయ తప్పడం వల్ల గుండెలో తయారైన గడ్డ వల్ల వచ్చే పక్షవాతం గురించి గాని ఓపీజీ మనకు ఏమీ చెప్పదు.

మన ప్రాంతానికి సంబంధించి మరో హద్దు ఉంది. హైదరాబాద్ పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి న్యూరాలజీ విభాగం 2002లో ప్రచురించిన పక్షవాత రోగుల పరిశీలనలో, పెద్ద ధమనుల వ్యాధి ఉన్నవారిలో మెడలోని కెరోటిడ్ కంటే పుర్రె లోపలి ధమనులు సన్నబడటమే ఎక్కువగా కనిపించింది. పాశ్చాత్య దేశాల రోగులలో పరిస్థితి ఇందుకు భిన్నంగా ఉంటుంది. కాబట్టి ఆ దేశాల పుస్తకాలు చదివి, హైదరాబాద్‌లో మన కుర్చీలో కూర్చున్న మనిషికి ‘మీ ఓపీజీ శుభ్రంగా ఉంది, మీకు పక్షవాతం భయం లేదు’ అని చెప్పడం పెద్ద పొరపాటవుతుంది. మచ్చ కనిపిస్తే పరీక్షకు పంపడానికి కారణం ఉంటుంది. కనిపించకపోతే దాని ఆధారంగా ఎవరికీ భరోసా ఇవ్వకూడదు.

పక్షవాతం ముప్పు తెలుసుకోవడానికే ఓపీజీ తీయించడం కూడా తగదు. ఒక డిజిటల్ ఓపీజీ వల్ల శరీరానికి అందే రేడియేషన్ సుమారు 10 నుంచి 25 మైక్రోసీవర్టులు. ప్రకృతిలో సహజంగా ఏడాదికి అందే సుమారు 2,400 మైక్రోసీవర్టులతో పోలిస్తే ఇది చాలా తక్కువే. అయినా దంత చికిత్సకు అవసరం లేని ఎక్స్‌రేకు వైద్యపరమైన సమర్థన లేదు. పైగా, ఏ లక్షణాలూ లేని సాధారణ ప్రజలందరికీ కెరోటిడ్ సన్నబడటాన్ని వెతికే పరీక్షలు చేయవద్దని అమెరికాలోని నివారణ వైద్య నిపుణుల బృందం 2014లో సూచించి, 2021లో మళ్లీ అదే మాటను ధ్రువపరిచింది. అనవసరపు శస్త్రచికిత్సల వల్ల కలిగే నష్టం లాభాన్ని మించుతుందన్నది వారి వాదన. ఈ వ్యాసం చెప్పేది వేరే పని గురించి: దంతాల కోసం ఎలాగూ తీసిన ఓపీజీని మూలలతో సహా పూర్తిగా చదవడం.

ఎక్స్‌రే తీసే చోట

నగరంలో చాలా చిన్న క్లినిక్‌లలో ఓపీజీ యంత్రం ఉండదు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో, అమీర్‌పేటలోనో, కూకట్‌పల్లిలోనో ఉన్న స్కానింగ్ సెంటర్‌కు చీటీ రాసి పంపుతాం. అందుచేత చీటీలోనే రెండు మాటలు స్పష్టంగా రాయాలి. ఒకటి, పళ్ల వరకే పరిమితమయ్యే చిన్న ప్రోగ్రామ్ కాకుండా పూర్తి ఓపీజీ కావాలని. రెండవది, మూలలు కత్తిరించని పూర్తి చిత్రాన్ని డైకామ్ ఫైలుగా (నాణ్యత తగ్గని వైద్య చిత్రాల ఫైలు) పంపమని. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చిన ఎక్స్‌రే కుదించుకుపోయి, సన్నని మచ్చలు చెరిగిపోతాయి. ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా ఫిల్మ్ పట్టుకొని తీసిన ఫొటో అంతకంటే పనికిరాదు. ఇలాంటి చిత్రంలో పంటి వేరును అంచనా వేయవచ్చేమో గాని మెడ కణజాలం మీద ఏ అభిప్రాయమూ ఇవ్వకూడదు.

సొంత యంత్రం ఉన్నవారు (అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు) టెక్నీషియన్‌కు నేర్పవలసినవి కొన్ని ఉన్నాయి. ఓపీజీకి థైరాయిడ్ కాలర్ వాడకూడదు. అది కిరణాలకు అడ్డుపడి, మనం చూడదలచిన చోటునే కప్పేస్తుంది. లెడ్ ఏప్రన్ వెనకవైపు మెడ మీదికి ఎక్కకుండా దిగువన ఉండాలి. రోగి గూని పోకుండా మెడ నిటారుగా సాచి నిలబడాలి. గడ్డం బాగా కిందికి దిగితే హయాయిడ్ ఎముక (నాలుక అడుగున, గొంతు పైభాగంలో ఉండే చిన్న ఎముక) నీడ దవడ మీదికి వచ్చి చిత్రం కలగాపులగం అవుతుంది.

నగల సంగతి కొంచెం నేర్పుగా చూసుకోవాలి. జూకాలు, గొలుసు, వినికిడి యంత్రం తీయమంటే ఎవరూ అభ్యంతరపెట్టరు. మంగళసూత్రం, నల్లపూసలు తీయడానికి కొందరు పెద్దావిడలు ఇష్టపడరు. ‘రెండు నిమిషాలేనమ్మా, మీ చేతిలోనే పట్టుకోండి’ అని మహిళా సిబ్బంది చేత చెప్పిస్తే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే బలవంతం చేయకుండా, ఎక్స్‌రే చీటీ మీద ఆ విషయం రాసిపెట్టాలి. గొలుసు నీడ మెడ మూలలో పడినప్పుడు దాన్ని కాల్షియంగా పొరబడకుండా ఆ ఒక్క వాక్యమే కాపాడుతుంది.

మూలను చదివే పద్ధతి

పళ్లను చూడటానికి ముందే రెండు మూలలనూ చూడమని నేను గట్టిగా సూచిస్తాను. రోగి చెప్పిన బాధకు కారణం ఒకటి దొరకగానే మన కన్ను అక్కడితో వెతకడం మానేస్తుంది. పుచ్చిన పన్ను కనిపించిన తరువాత మెడ వైపు చూపు పోవడం అరుదు. గదిలో వెలుతురు తగ్గించి, కంప్యూటర్ తెర మీద చిత్రాన్ని పెద్దది చేసి, ఆ మూల వరకు వెలుగును, కాంట్రాస్టును మార్చి చూడాలి. ఓపీజీలో ఆ భాగం తరచు నల్లగా మాడినట్టు ఉంటుంది కాబట్టి, సాధారణ అమరికలో దాగిన మచ్చ వెలుగు పెంచినప్పుడు బయటపడుతుంది.

మొదట దవడ కోణాన్ని గుర్తించాలి. అక్కడి నుంచి కిందికి, వెనక్కి సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో, మెడలోని మూడవ, నాలుగవ వెన్నుపూసల స్థాయిలో, వెన్నుపూసకు ముందున్న మెత్తని కణజాలం మన లక్ష్యం. ఓపీజీ అసలు పరిమాణం కంటే కొంత పెద్దదిగా చూపుతుంది. ఆ పెరుగుదల యంత్రాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ఈ కొలతను దారి చూపడానికే వాడుకోవాలి, మిల్లీమీటర్లు కొలిచి నిర్ణయించకూడదు. ధమని చీలే ఎత్తు కూడా మనిషికీ మనిషికీ తేడాగా ఉంటుంది. పొట్టి మెడ ఉన్నవారిలో ఆ చోటు చిత్రం చట్రంలోకే రాకపోవచ్చు.

ధమనిలోని కాల్షియం చాలావరకు ఒకే నున్నని ముద్దగా ఉండదు. గరుకు అంచులతో, ఒకచోట చిక్కగా ఒకచోట పలచగా, చిన్న చిన్న తునకలు నిలువు వరుసలో పేర్చినట్టు ఉంటుంది. కొన్నిసార్లు ధమని రెండు గోడలనూ గీసినట్టు రెండు నిలువు గీతలు సమాంతరంగా కనిపిస్తాయి. అలా కనిపించినప్పుడు అనుమానం బాగా బలపడుతుంది. ఒక వైపు కనిపిస్తే రెండవ వైపును మరింత శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే ఇది రెండు వైపులా ఉండటం అరుదేమీ కాదు. రోగి దగ్గర పాత ఓపీజీ ఉంటే పక్కన పెట్టి పోల్చాలి.

పొరబాటుకు దారితీసే నీడలు

ఈ పనిలో నిజమైన కష్టం ఇక్కడే ఉంది, ఎందుకంటే మెడ మూలలో ఎముకగా మారే మృదులాస్థులు, గట్టిపడే స్నాయువులు, సున్నపు గడ్డలు ఎన్నో ఉంటాయి. అన్నింటికంటే ఎక్కువగా మోసం చేసేది ట్రిటీషియస్ మృదులాస్థి. అది హయాయిడ్ ఎముక పెద్ద కొమ్ముకూ థైరాయిడ్ మృదులాస్థి పై కొమ్ముకూ నడుమ, గోధుమ గింజ ఆకారంలో, నున్నని అంచుతో, లోపల ఒకే తీరు తెలుపుతో ఉంటుంది. ధమని కాల్షియం అంచులు గరుకుగా, లోపల అతుకుల్లా ఉంటుందన్నది ముఖ్యమైన తేడా. అయినా సందేహం తీరకపోతే, ముందు నుంచి వెనక్కి తీసే మెడ ఎక్స్‌రే సాయపడుతుంది: ట్రిటీషియస్ మధ్యకు దగ్గరగా వెన్నెముక నీడ మీద పడుతుంది, కెరోటిడ్ కాల్షియం వెన్నెముకకు పక్కగా బయట కనిపిస్తుంది. నా వరకు, డాప్లర్ (ధ్వని తరంగాలతో రక్తప్రవాహాన్ని చూసే స్కాన్) ఎలాగూ అవసరమయ్యే రోగికి ఈ అదనపు ఎక్స్‌రే కంటే నేరుగా డాప్లర్‌కు పంపడమే మేలు. అందులో రేడియేషన్ కూడా ఉండదు.

థైరాయిడ్ మృదులాస్థి పై కొమ్ము గట్టిపడితే ట్రిటీషియస్ కంటే కొంచెం దిగువన, లోపలివైపు కనిపిస్తుంది. దాని పైకొన మాత్రమే చిత్రంలోకి వస్తుంది. హయాయిడ్ కొమ్ము, ఎపిగ్లాటిస్ (శ్వాసనాళం మీది మూత) నీడలను ఒకసారి గుర్తుపట్టడం అలవాటైతే మళ్లీ సమస్య కావు. స్టైలోహయాయిడ్ స్నాయువు గట్టిపడితే చెవి కింద నుంచి హయాయిడ్ వైపు ఏటవాలుగా దిగే పొడవైన గీతగా ఉంటుంది. టాన్సిల్ రాళ్లు ఇంకా పైన, దవడ నిలువు భాగం మీద చిన్న చుక్కల గుంపుగా పడతాయి. దవడ కింద లాలాజల గ్రంథిలోని రాయి దవడ కింది అంచుకు దగ్గరగా ఉంటుంది. అన్నం తినేటప్పుడు దవడ కింద వాపు, నొప్పి వస్తాయా అని అడిగితే చాలావరకు తేలిపోతుంది.

మన దగ్గర ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది క్షయవ్యాధి. చిన్నతనంలోనో యౌవనంలోనో మెడలో గడ్డలు లేచి, టీబీ మందులు వాడి తగ్గినవారిలో ఆ లింఫ్ గ్రంథులు కాల్షియం పట్టి, ఎగుడుదిగుడు ఉపరితలంతో పెద్ద ముద్దలుగా మిగిలిపోతాయి. అవి ఒకటికంటే ఎక్కువ, మెడ పొడవునా వరుసగా ఉండవచ్చు. ‘మెడలో గడ్డలకు ఎప్పుడైనా ఆరు నెలల మందు వాడారా?’ అన్న ప్రశ్న ఇక్కడ ఏ పుస్తకంలోని బొమ్మ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఎవరిని అడగాలి, ఏమి అడగాలి

మచ్చ కనిపించిన ప్రతివారిలో ముప్పు ఒకటే కాదు. అదే ఎక్స్‌రే బొమ్మ నలభై ఏళ్లలోపు ఆరోగ్యవంతుడిలో కనిపిస్తే ముందు మన చదువునే శంకించాలి. అరవై దాటి, షుగర్, బీపీ ఉండి, సిగరెట్టో బీడీయో కాల్చేవారిలో కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వచ్చే పాతబస్తీ రోగులలో జర్దా, గుట్కా అలవాటు గురించి విడిగా అడగవలసిందే, ఎందుకంటే ‘పొగతాగుతారా?’ అన్న ప్రశ్నకు వారు ‘లేదు’ అనే నిజాయితీగా చెబుతారు. డయాలసిస్ మీద ఉన్నవారిలో ధమని గోడ మధ్యపొరలో కూడా కాల్షియం చేరుతుంది కాబట్టి వారి చిత్రాన్ని బట్టి పూడిక ఎంతో చెప్పడం మరీ కష్టం. గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు దవడను ముందుకు జరిపే పరికరం చేయించుకోవడానికి వచ్చేవారు కూడా ముప్పు ఎక్కువున్న కోవలోనివారే.

నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవారి గురించి మరింత చెప్పాలి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల చికిత్స పూర్తి చేసుకున్నవారు తరువాత పళ్ల సమస్యలకు మన దగ్గరికే వస్తారు. దవడ ఎముక దెబ్బతిన్నదేమో చూడటానికి వారికి ఓపీజీ తప్పనిసరి. మెడకు అందిన రేడియేషన్ కెరోటిడ్ ధమనిలో పూడికను త్వరపరుస్తుంది, పక్షవాతం ముప్పును పెంచుతుంది. ఇది చికిత్స ముగిసిన కొన్నేళ్లకు బయటపడేది కావడం వల్ల, క్యాన్సర్ నయమైందన్న ఊరటలో ఇటువైపు ఎవరి దృష్టీ పోదు. ఇలాంటివారి ఓపీజీ మూలలను ప్రతిసారీ, దవడ ఎముకను చూసినంత శ్రద్ధగా చూడాలి.

మచ్చ కనిపించినప్పుడు అడగవలసిన అసలు ప్రశ్నలు పళ్లకు సంబంధించినవి కావు. ఒక వైపు చేయి గాని కాలు గాని కాసేపు మొద్దుబారి తిరిగి సర్దుకుందా, మాట తడబడిందా, ఒక కంటికి తెర వేసినట్టు చూపు పోయి కొద్ది నిమిషాల్లో తిరిగి వచ్చిందా అని నిదానంగా అడగాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారిని ‘ఫాలిజ్’ వచ్చిందా అని అడిగితే సులభంగా అర్థమవుతుంది. ఇలాంటి తాత్కాలిక లక్షణం ఇటీవలి రోజుల్లో వచ్చిందని చెబితే, అది రాబోయే పెద్ద పక్షవాతానికి హెచ్చరిక కావచ్చు కాబట్టి, వారిని అదే రోజు న్యూరాలజీ ఉన్న ఆసుపత్రికి పంపాలి. పన్ను పని వాయిదా వేయాలి. లక్షణాలు కుర్చీలో కూర్చున్నప్పుడే మొదలైతే 108కు ఫోన్ చేసి, మొదలైన సమయం కాగితం మీద రాసి ఇవ్వాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి సాధారణంగా నాలుగున్నర గంటల గడువే ఉంటుంది కాబట్టి అక్కడి వైద్యుడు మొదట అడిగేది ఆ సమయాన్నే.

ఏ లక్షణమూ లేకపోయినా క్లినిక్‌లోనే బీపీ చూడాలి, నాడి పట్టి లయ సరిగా ఉందో లేదో గమనించాలి. బీపీ 180/110 దాటితే ఆ రోజు తొందరలేని దంత చికిత్స ఏదీ మొదలుపెట్టకూడదు.

రోగికి చెప్పడం, ఉత్తరం రాయడం

పళ్ల డాక్టర్ నోట ‘పక్షవాతం’ అన్న మాట వింటే మనిషి ఎంత కంగారుపడతాడో ఊహించుకొని మాట్లాడాలి. దాచిపెట్టడం కూడా తప్పే. ‘మీ పళ్ల ఎక్స్‌రేలో మెడ దగ్గర రక్తనాళం ఉండే చోట కాల్షియం లాంటి మచ్చ కనిపించిందమ్మా. ఇది పంటి సమస్య కాదు. రక్తనాళంలోదో కాదో ఈ ఎక్స్‌రేలో తేలదు. మెడకు డాప్లర్ స్కాన్ చేస్తే తెలుస్తుంది. మీ షుగర్ డాక్టర్ గారికి ఉత్తరం రాసిస్తాను, ఈ వారంలో చూపించుకోండి’ అంటే సరిపోతుంది. వెంట వచ్చిన కొడుకుకో కూతురికో చెప్పాలంటే ముందు రోగి అనుమతి అడగాలి. ఎక్స్‌రేను పేరుతో సహా దంతవైద్యుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి అభిప్రాయాలు అడిగే అలవాటు మానుకోవాలి.

ఉత్తరంలో మనం చూసినది మాత్రమే రాయాలి. ‘దంత చికిత్స నిమిత్తం తీసిన ఓపీజీలో, ఎడమవైపు మెడ మెత్తని కణజాలంలో, మూడవ, నాలుగవ వెన్నుపూసల స్థాయిలో, గరుకు అంచులు గల నిలువు కాల్షియం మచ్చలు కనిపించాయి, కెరోటిడ్ ధమనికి చెందినవని అనుమానం, దయచేసి పరీక్షించి, అవసరమైతే కెరోటిడ్ డాప్లర్ చేయించగలరు’ అన్నంత వరకు చాలు. దానితో పాటు వయసు, షుగర్, బీపీ, పొగాకు వివరాలు, ఆ రోజు చూసిన బీపీ అంకె, పూర్తి చిత్రం ప్రతి జతచేయాలి. ‘ధమని 70 శాతం మూసుకుపోయింది’ వంటి మాట ఓపీజీ చూసి రాసే అధికారం ఎవరికీ లేదు. సీటీ యాంజియోగ్రామ్ రాయడం కూడా మన పని కాదు. షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ పరీక్షలు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ వంటి మందుల నిర్ణయం ఫిజీషియన్‌దే. కాల్షియం మచ్చ వల్ల కలిగే అసలు ప్రయోజనం చాలామందిలో అంతవరకు నిర్లక్ష్యం చేసిన బీపీ, షుగర్ తిరిగి అదుపులోకి రావడమే.

డాప్లర్ రిపోర్టు తిరిగి మన దగ్గరికి వచ్చినప్పుడు అర్థం చేసుకోవడానికి ఒక అంకె తెలిస్తే చాలు. ధమనిలో రక్తం పరుగెత్తే గరిష్ఠ వేగం సెకనుకు 125 సెంటీమీటర్ల లోపు ఉంటే సన్నబడటం 50 శాతం లోపేనని, 230 దాటితే 70 శాతమో అంతకు మించో అని స్థూలంగా లెక్కిస్తారు. శస్త్రచికిత్స గాని స్టెంట్ గాని అవసరమా అన్నది లక్షణాలను బట్టి న్యూరాలజిస్టు, వాస్క్యులర్ సర్జన్ తేలుస్తారు. డాప్లర్‌కు పంపినవారిలో ఎక్కువమందికి మందులే సరిపోతాయి.

సీబీసీటీ (దవడలను త్రిమితీయంగా చూపే సీటీ స్కాన్) తీసే ఇంప్లాంట్ కేంద్రాలవారు మరో చోటు కూడా చూడాలి. పెద్ద పరిధి స్కాన్‌లో పుర్రె అడుగున, పిట్యూటరీ గ్రంథి ఉండే గుంటకు రెండు పక్కలా, పుర్రె లోపలికి వెళ్లిన కెరోటిడ్ గోడలో కాల్షియం కనిపించవచ్చు. మన రోగులలో లోపలి ధమనుల వ్యాధి ఎక్కువ కాబట్టి ఆ భాగపు పొరల చిత్రాలను తిప్పి చూడకుండా స్కాన్‌ను మూసేయకూడదు.

పరీక్షల తరువాత ఫిజీషియన్ రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ గాని క్లోపిడోగ్రెల్ గాని మొదలుపెడితే, రోగి తిరిగి పన్ను తీయించుకోవడానికి వచ్చినప్పుడు ‘అయిదు రోజులు మందు ఆపి రండి’ అని చెప్పే పాత అలవాటు ప్రమాదకరం. ఒకటో రెండో పళ్లు తీసేటప్పుడు వచ్చే రక్తస్రావాన్ని గాజుగుడ్డ ఒత్తిడితో, కుట్టుతో, రక్తం ఆపే స్పాంజితో అక్కడికక్కడే అదుపు చేయవచ్చు. మందు ఆపడం వల్ల గడ్డకట్టే ప్రమాదాన్ని అలా అదుపు చేయలేం. పెద్ద శస్త్రచికిత్స చేయవలసి వచ్చి నిజంగా సందేహం ఉంటే మందు రాసిన వైద్యునికి ముందుగా ఫోన్ చేసి, ఆయన చెప్పినది కేసు షీటులో తేదీతో నమోదు చేసుకొని, ఆ తరువాతే రోగికి సమయం ఇవ్వాలి.